కోన్యాక్ నేలకు టెక్సాస్ వేరు



డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో టెక్సోమా సరస్సు చూడనివాళ్లు తక్కువ. ఎండాకాలం సెలవులివ్వగానే ఫ్రిస్కో నుంచో ప్లేనో నుంచో 75వ నంబరు రహదారి ఎక్కి, పిల్లాజెల్లాతో ఉత్తరానికి బయల్దేరతారు. సరస్సు కాస్త దూరంలో ఉందనగా డెనిసన్ అనే చిన్న ఊరు వస్తుంది. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1890లో పుట్టింది అక్కడే. గ్యాసు పోయించుకుని ముందుకు సాగిపోతాం. ఆ ఊరికి ఫ్రాన్సులో ఒక సోదర నగరం ఉంది. 1992లో రెండు ఊళ్లూ ఆ బంధం కలుపుకున్నాయి. ఆ ఫ్రెంచి ఊరి పేరు కోన్యాక్. అవును, ఆ పేరుగల బ్రాందీ పుట్టిన ఊరే. 1872లో రైల్వే వాళ్లు గీత గీసి కట్టిన డెనిసన్‌కూ, షారాంత్ నది ఒడ్డున వందల ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న కోన్యాక్‌కూ చుట్టరికం ఎక్కడ కలిసింది? ద్రాక్ష వేరు దగ్గర కలిసింది. ఈ పూట ఆ సంగతే చెబుతాను. తాగే అలవాటున్నవాళ్ల కోసమే కాదు, ఊళ్లో ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్ల కోసం, పెరట్లో అంటుమొక్క నాటుకున్నవాళ్ల కోసం కూడా.

ముందు ఆ ఫ్రెంచి నేల చూద్దాం. కోన్యాక్ ఫ్రాన్సుకు పడమట, బోర్డో నగరానికి ఉత్తరంగా, అట్లాంటిక్ సముద్రానికి దగ్గర్లో ఉంటుంది. అక్కడి ద్రాక్షతో మొదట తెల్ల వైన్ చేస్తారు. ఆ వైన్ తాగడానికి ఏమంత బాగుండదు. పులుపు ఎక్కువ, ఆల్కహాలు తొమ్మిది పది శాతానికి మించదు. బట్టీ పెట్టడానికి మాత్రం సరిగ్గా అలాంటిదే కావాలి. బట్టీకి వెళ్లే వైన్‌లో గంధకం కలపడానికి వీల్లేదు కనుక, అది చెడిపోకుండా కాపాడేది ఆ పులుపే. దాన్ని రాగి బట్టీలో కాచి ఆవిరి పడతారు. మొదటి విడత వచ్చినదాన్ని మళ్లీ కాస్తారు. రెండో విడతలో మొదట కారేదీ చివర కారేదీ పక్కకు తీసేసి, మధ్యలో వచ్చేదే ఉంచుకుంటారు. అది నీళ్లలా తేటగా, డెబ్బై శాతం దాకా ఘాటుగా ఉంటుంది. ఓక్ చెక్క పీపాల్లో కనీసం రెండేళ్లు మగ్గితే తప్ప దానికి కోన్యాక్ అనే పేరు రాదు. మార్చి 31 వచ్చేసరికి ఊళ్లో బట్టీలన్నీ చల్లారిపోవాలి, అది చట్టం.

ఇప్పుడు అక్కడ తోటల్లో నూటికి తొంభై ఎనిమిది పాళ్లు కనిపించే ద్రాక్ష రకం ఉన్యి బ్లాంక్. ఇటలీలో ట్రెబ్బియానో అంటారు, అదీ ఇదీ ఒకటే. నూట యాభై ఏళ్ల కిందట చూస్తే అక్కడ రాజ్యమేలింది మరో రకం, ఫోల్ బ్లాంష్. అది ఎందుకు పోయిందో కాసేపట్లో మనకే తెలుస్తుంది.

నేల విషయంలో ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆ ప్రాంతాన్ని ఆరు భాగాలుగా విడదీశారు. వాటి ఎల్లలు 1938లో ప్రభుత్వం ఖాయం చేసింది. అన్నిటికన్నా పైమెట్టు మీద ఉన్నది గ్రాండ్ షాంపేన్. నురగల షాంపేన్ వచ్చే సీమ వేరు, ఇది వేరు. కానీ రెండుచోట్లా నేల ఒకటే, సుద్ద. పైన జానెడు మట్టి, కింద తెల్లటి మెత్తని సున్నపు రాయి. ఆ సున్నమే కోన్యాక్ గొప్పతనం. ఆ సున్నమే ఒకప్పుడు కోన్యాక్ ప్రాణం మీదికి తెచ్చింది.

1860లలో దక్షిణ ఫ్రాన్సులో, రోన్ నది దిగువ భాగాన, ద్రాక్ష తోటలు కారణం తెలియకుండా మాడిపోవడం మొదలైంది. మొదటి ఏడు ఆకు పసుపు తిరిగేది, రెండో ఏడు కాయ నిలిచేది కాదు, మూడో ఏటికి తీగ కట్టెపుల్ల. 1868 జూలైలో మోంపెలియే నుంచి ప్లాంషో అనే వృక్షశాస్త్రజ్ఞుడు మరో ఇద్దరితో కలిసి చూడడానికి వెళ్లాడు. చచ్చిన తీగలు తవ్వి చూస్తే ఏమీ లేదు, కుళ్లిన వేళ్లు తప్ప. అనుకోకుండా పచ్చగా ఉన్న తీగ ఒకటి పీకారు. భూతద్దం పెట్టి చూస్తే వేరు నిండా పసుపుపచ్చని చిన్న పురుగులు, ఒక్కొక్కటి మిల్లీమీటరు కూడా లేదు. తీగ చచ్చేలోపే అవి పక్క తీగకు తరలిపోతాయి. అందుకే అప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. మన పేనుబంకకు దగ్గరి చుట్టం ఆ పురుగు. పేరు ఫిలాక్సెరా.

అది ఫ్రాన్సు పురుగు కాదు, అమెరికా పురుగు. రాకీ పర్వతాలకు తూర్పున అడవి ద్రాక్షల వేళ్ల మీద యుగాల తరబడి బతుకుతోంది. అమెరికా తీగ దాంతో సర్దుకుంది. పురుగు కుట్టిన చోట వేరు లోపల బెండు పొర కట్టుకుని గాయాన్ని మూసేస్తుంది. యూరప్ ద్రాక్షకు ఆ విద్య రాదు. వేరు బుడిపెలు కట్టి, పగిలి, అందులో బూజు దూరి కుళ్లిపోతుంది. అమెరికా తీగలను వింతకనీ, బూడిద తెగులుకు మందుగా ఉంటాయనీ ఫ్రెంచివాళ్లే తెప్పించుకున్నారు. తెరచాప ఓడల కాలంలో అయితే దారిలోనే పురుగు చచ్చేది. ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణం రోజుల్లోకి తగ్గేసరికి అది ప్రాణాలతో రేవు దాటింది.

తర్వాత జరిగింది దేశమంతా చూసిన నాశనం. విరుగుడు కనిపెట్టినవారికి 3,00,000 ఫ్రాంకులు బహుమతి ఇస్తామని ప్రభుత్వం 1874లో ప్రకటించింది, చివరికి ఎవరికీ ఇవ్వలేదు. పెద్ద పెద్ద సిరంజిలతో నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కించారు. నది పక్క తోటలవాళ్లు శీతకాలంలో వారాల తరబడి నీళ్లు నిలగట్టారు. డబ్బున్నవాడికి ఒకటి, పల్లపు భూమి ఉన్నవాడికి ఒకటి, మామూలు రైతుకు ఏదీ లేదు. 1870లలో పురుగు కోన్యాక్ ఉన్న షారాంత్ సీమకు చేరింది. అప్పటికి అక్కడ దాదాపు 2,80,000 హెక్టార్ల ద్రాక్ష ఉంది, మన లెక్కలో సుమారు ఏడు లక్షల ఎకరాలు. 1893 నాటికి మిగిలింది 40,000 హెక్టార్లు. తీగ పీకేసిన చోట గడ్డి వేసి ఆవులను మేపుకున్నారు. 1888లో సుర్జేర్ దగ్గర యూజీన్ బిరో అనే ఆయన రైతులను కూడగట్టి పాల సహకార సంఘం పెట్టాడు. ఇవాళ ఫ్రాన్సులో పేరుమోసిన షారాంత్ వెన్న అలా పుట్టింది. నాకు ఈ ముక్క ఎంతో ఇష్టం. పంట పోయినా రైతు ఊరు వదలకుండా నిలబడడానికి దారి వెతుక్కున్నాడు.

విరుగుడు మాత్రం పురుగు వచ్చిన చోటి నుంచే రావాల్సి వచ్చింది. మిజోరి రాష్ట్ర కీటక శాస్త్రవేత్త చార్లెస్ వాలెంటైన్ రైలీ 1871లో ఫ్రాన్సు వెళ్లి, తమ దగ్గరి పురుగూ ఇదీ ఒకటేనని తేల్చాడు. 1873లో ప్లాంషో అమెరికా వచ్చి చూశాడు. చివరికి తేలిన విరుగుడు ఇదీ: కింద అమెరికా వేరు, పైన ఫ్రెంచి కొమ్మ, మధ్యలో అంటు. కడియం నర్సరీల్లో టెంక మొక్క మీద బంగినపల్లి కొమ్మ అంటు కట్టినట్టే. కాపు కొమ్మదే, కష్టం వేరుది. మిజోరి నర్సరీల నుంచి రిపేరియా, రుపెస్ట్రిస్ అనే రెండు అడవి జాతుల కట్టెలు రైలు పెట్టెల కొద్దీ ఓడలెక్కాయి. దక్షిణ ఫ్రాన్సు, బోర్డో వంటి చోట్ల తోటలు మళ్లీ లేచాయి.

కోన్యాక్‌లో లేవలేదు.

అక్కడ నాటిన అమెరికా వేళ్లు పురుగుకు తట్టుకున్నాయి, సున్నానికి తట్టుకోలేకపోయాయి. వేసవి మొదట్లోనే లేత ఆకు పాలిపోయేది. ఈనెలు మాత్రం పచ్చగా, మిగతా ఆకంతా నిమ్మపండు రంగు. తర్వాత అంచులు మాడి తీగ గిడసబారేది. ఇది మన రైతులకు కొత్త కాదు. సున్నపు నేలల్లో వేరుశనగకూ చెరకుకూ వచ్చేది ఇదే, ఇనుము లోపం. నేలలో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని వేరుకు అందకుండా బిగించేస్తుంది. మనవాళ్లు అన్నభేదిలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. ఫ్రెంచి రైతులూ అన్నభేదే వాడి చూశారు. ఏడాదికేడాది అలా గుంజుకురావచ్చు గానీ లక్షల ఎకరాల తోటను దాని మీద నిలబెట్టలేరు. కింద సున్నపు రాయిలో ఇష్టంగా బతికే అమెరికా ద్రాక్ష ఒకటి ఎక్కడో ఉండి తీరాలి, దాన్ని వెతికిపెట్టండని షారాంత్ రైతులు ప్రభుత్వం దగ్గర పట్టుబట్టారు. 1887లో ప్రభుత్వం పియేర్ వియాలా అనే మోంపెలియే ఆచార్యుణ్ణి అమెరికా పంపింది. ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు ఆయనకు.

అమెరికా వ్యవసాయ శాఖ నుంచి స్క్రిబ్నర్ అనే శాస్త్రజ్ఞుణ్ణి తోడిచ్చారు. తూర్పు రాష్ట్రాలన్నీ తిరిగాడు వియాలా. అడవి ద్రాక్ష కోకొల్లలు, కానీ సున్నపు నేల మీద ఒక్కటీ లేదు. అలా తిరిగి తిరిగి టెక్సాస్ వచ్చి, డెనిసన్‌లో థామస్ వోల్నీ మన్సన్ ఇంటి తలుపు తట్టాడు.

మన్సన్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. 1843లో ఇల్లినాయి రాష్ట్రంలో పుట్టాడు. కెంటకీలో చదువుకునేటప్పుడు ద్రాక్ష మీద మనసుపడ్డాడు. 1873లో నెబ్రాస్కాలో నర్సరీ పెడితే కరువూ మిడతల దండూ కలిసి ఊడ్చేశాయి. 1876లో అన్నదమ్ములున్న డెనిసన్‌కు వచ్చి, రెడ్ రివర్ గట్ల మీద అడవి ద్రాక్ష తీగలు గుబురుగా అల్లుకుపోయి ఉండడం చూసి ఇక కదలలేదు. నర్సరీ వ్యాపారం సాగిస్తూనే, రైలు ఎక్కీ గుర్రమెక్కీ నడిచీ రాష్ట్రాలు గాలించాడు. ఆయన చేసిన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఒకటుంది. తీగ కనిపిస్తే ఆకూ కాయా కోసుకుని వెళ్లిపోయేవాడు కాదు. అది ఏ నేలలో ఉంది, ఎంత వానకు తట్టుకుంటోంది, ఎప్పుడు పూస్తోంది, వేరు ఎలా దిగుతోంది, అన్నీ రాసుకునేవాడు. మిగతావాళ్ల దగ్గర జాతుల పేర్లున్నాయి. ఈయన దగ్గర ఏ జాతికి ఏ నేల పుట్టిల్లో ఉంది. వియాలాకు కావలసింది సరిగ్గా అదే.

మీలో ఎవరైనా 35వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద ఆస్టిన్ వెళుతుంటే, వేకో దాటాక టెంపుల్, బెల్టన్ ఊళ్లు వస్తాయి. అది బెల్ కౌంటీ. రోడ్డు కోసం మిట్టలు కోసిన చోట పక్కన చూడండి. పైన మట్టి పొర పలచగా, కింద తెల్లటి రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గ్రాండ్ షాంపేన్ గుట్ట కోసినా దాదాపు ఇలాగే ఉంటుంది. మధ్య టెక్సాస్‌లోని ఆ సున్నపు కొండల్లో, జునిపర్ పొదల మధ్య, ఒక ద్రాక్ష పాకుతుంది. గుండ్రటి చిన్న నల్ల కాయ, ఆలస్యంగా పండుతుంది. వైన్ చేయడానికి ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఎండ మండిపోయే జూలైలో కూడా ఆకు ముదురాకుపచ్చగా ఉంటుంది, పాలిపోవడం అనేది దానికి తెలియదు. దాని శాస్త్రీయ నామం బెర్లాండియెరి. టెక్సాస్‌లో మొక్కలు సేకరించి, 1851లో మెక్సికోలో ఏరు దాటుతూ మునిగిపోయిన బెర్లాండియే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడి జ్ఞాపకంగా, ఇందాకటి ప్లాంషోనే 1880లో దానికి ఆ పేరు పెట్టాడు. మన్సన్ చూపించినవాటిలో వియాలా ఈ తీగను చూసి, తన పని అయిందని గ్రహించాడు. తిరిగి వెళ్లి రాసిన నివేదికలో సున్నపు నేలలకు మొట్టమొదట సిఫారసు చేసింది దీన్నే.

అయినా కథ అక్కడ సుఖాంతం కాలేదు. బెర్లాండియెరి కట్టె తెచ్చి నాటితే నూటికి కొన్ని తప్ప వేళ్లు పోయవు. నర్సరీవాడికి అది పనికిరాని సరుకు. అందుకని తేలిగ్గా వేళ్లు పోసే జాతులతో దాన్ని సంకరం చేశారు. బోర్డోలో మియార్దే అనే ఆచార్యుడు షాస్లా అనే యూరప్ ద్రాక్షతో 1882లోనే దాన్ని కలిపి ఉంచాడు. ఆ మొక్క నంబరు 41బి. అప్పటిదాకా అది ఒక ప్రయోగం మాత్రమే. వియాలా నివేదిక వచ్చాక దాని విలువ తెలిసింది. కోన్యాక్ సుద్ద మీదా, షాంపేన్ సుద్ద మీదా తోటలు తిరిగి నిలబడింది ప్రధానంగా ఆ 41బి వేళ్ల మీద. అంటు తోటలో ఫోల్ బ్లాంష్‌కు ఒక చిక్కు వచ్చింది. తీగ విపరీతమైన జోరు మీద పెరిగి, గుత్తులు మరీ బిగుసుకుపోయి, వానకు కుళ్లడం మొదలైంది. దాని చోటులోకి ఆలస్యంగా పండే, పులుపు వదలని ఉన్యి బ్లాంక్ వచ్చింది. అంటే ఇవాళ కోన్యాక్ సీసాలో ఉన్న ద్రాక్ష రకం మారడానికీ మూలం ఆ పురుగూ, ఆ అంటు కట్టడమే.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మన్సన్ ఫ్రాన్సు ద్రాక్షనంతా ఒంటిచేత్తో బతికించాడని టెక్సాస్‌లో చెప్పుకుంటారు. అది మిజోరి వాళ్లకు అన్యాయం. మామూలు నేలలకు వేళ్లు వెళ్లింది అక్కడి నుంచి, అదీ అంతకు పదేళ్ల ముందే. మియార్దే లాంటి సంకరకర్తలకూ అన్యాయమే. అయితే సున్నపు నేల చిక్కు విప్పిన మనిషి మన్సన్ అన్నది నిజం, ఆయన గౌరవానికి ఆ ఒక్కటీ చాలు. 1888లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనకు వ్యవసాయ సేవకుగాను షెవాలియే బిరుదు ఇచ్చింది. ఆయన 1913లో కన్నుమూశాడు. సుమారు మూడు వందల కొత్త ద్రాక్ష రకాలు సృష్టించాడు. వాటిలో బెయిలీ అనేదాన్ని జపానులో కావకామి జెంబే అనే ఆయన 1927లో మస్కట్ హాంబర్గ్‌తో కలిపితే మస్కట్ బెయిలీ ఎ పుట్టింది. ఇవాళ జపాను ఎర్ర వైన్‌కు ముఖ్యమైన ద్రాక్ష అదే. డెనిసన్‌లోని గ్రేసన్ కాలేజీ మన్సన్ రకాలను తోటగా పెంచి కాపాడుతోంది. సరస్సుకు వెళ్లేవాళ్లు ఒక గంట అటు తిరిగితే ఆ తీగలు చూడొచ్చు.

ఈ పాఠం నేర్పిన దేశమే దాన్ని ఒకసారి పక్కన పెట్టింది. కాలిఫోర్నియాలో నాపా, సోనోమా లోయల్లో 1960ల నుంచి ఎక్స్‌ఆర్1 అనే వేరుమొక్క మీద తోటలు వేశారు. దిగుబడి బాగుంది, అంటు సులువుగా అతుకుతుంది. కానీ దాని తల్లిదండ్రుల్లో ఒకటి అరమోన్ అనే యూరప్ ద్రాక్ష. పురుగు దగ్గర అది నమ్మదగింది కాదని ఫ్రాన్సులో ఎప్పుడో తేలింది. 1980లలో పురుగు మళ్లీ విజృంభించి వేల ఎకరాలు పీకి మళ్లీ నాటాల్సి వచ్చింది, ఖర్చు వంద కోట్ల డాలర్ల దాకా అయిందని అంచనా. ఆ పురుగుకు మందు ఇప్పటికీ లేదు. అమెరికా వేరే మందు.

ఇక మన ఊరి సంగతి. బెల్టన్ దగ్గర డాగ్ రిడ్జ్ అనే మిట్ట మీద మన్సన్ మరో అడవి తీగను ఏరాడు. అది బెర్లాండియెరి కాదు, చాంపినీ అనే వేరే జాతి. మిట్ట పేరే దానికి పెట్టారు, డాగ్‌రిడ్జ్. మన దేశంలో ద్రాక్షకు ఫిలాక్సెరా బెడద లేదు. మన బాధ నీటి ఎద్దడి, ఉప్పు తేలిన బోరునీళ్లు. 1990ల నుంచి నాసిక్, సాంగ్లీ, షోలాపూర్, విజయపుర రైతులు ఈ డాగ్‌రిడ్జ్ కట్టెనే ముందు పొలంలో నాటుతున్నారు. కొన్ని నెలలు దాన్ని ఎదగనిచ్చి, వానలు తగ్గే వేళకు కాండం నేలకు కాస్త ఎత్తున కోసి, మధ్యకు చీల్చి, థామ్సన్ సీడ్‌లెస్ పుల్లను ఉలి మొనలా చెక్కి అందులో దింపి ప్లాస్టిక్ పట్టీ చుడతారు. రెండు వారాల్లో మొగ్గ కదులుతుంది. ఎండాకాలం హైదరాబాదు బండ్ల మీద మనం బేరమాడి కొనే విత్తులేని ద్రాక్షలో చాలా భాగం ఆ వేళ్ల మీద పండిందే. మేడ్చల్, శామీర్‌పేట వైపు అనాబ్‌-ఎ-షాహీ పందిళ్లు ఉన్న రోజుల్లో తీగ సొంత వేరు మీదే నిలిచేది. ఆ పొలాల్లో ఇప్పుడు చాలాచోట్ల ఇళ్లు లేచాయి.

డాగ్‌రిడ్జ్‌తో చిక్కు లేదని కాదు. నీళ్లూ ఎరువూ కాస్త ఎక్కువైతే తీగ ఆకుకే పోయి, కాయకు రాదు. అందుకని మంచి నేలలున్నవాళ్లు, ముఖ్యంగా వైన్ ద్రాక్ష వేసేవాళ్లు, 110ఆర్ అనే వేరుమొక్కకు మారుతున్నారు. అది జోరు తక్కువ, కరువుకు గట్టిది. దాని పుట్టుక అడిగితే ఒకవైపు రుపెస్ట్రిస్, రెండోవైపు బెర్లాండియెరి. ఊళ్లో ద్రాక్ష వేయాలనుకునే బంధువులెవరైనా ఉంటే, ఏ రకం వేయాలని అడిగే ముందు మట్టిలో సున్నమెంతో, నీటిలో ఉప్పెంతో పరీక్ష చేయించుకోమనండి. ఏ వేరు తీసుకోవాలో ఆ రెండు కాగితాలే చెబుతాయి.